మట్టి మిద్దె, మండే ఎండ: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఉగాది దాటి ఎండలు ముదిరేసరికి మంత్రాలయం, కోసిగి, ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి పనులు మొదలవుతాయి. పొలం పనులు తగ్గి కూలీలు దొరుకుతారు, పిల్లలకు బడి సెలవులు, వాన భయం లేదు. పాత మిద్దెను బాగు చేయించుకోవాలనుకునేవాళ్ళు ఈ రెండు నెలలనే ఎంచుకుంటారు, అది సరైన ఎంపికే. తేడా వస్తున్నది ఆ రెండు నెలల్లో ఏ పని పెట్టుకోవాలన్న దగ్గర. ఎండలో నిశ్చింతగా చేయదగిన పనులు వదిలేసి, ఎండ చెడగొట్టే పనులు ముందేసుకుంటున్నాం. దీని వెనుక ఒక పెద్ద నమ్మకం ఉంది. పాత మిద్దె కాలం చెల్లిన ఇల్లనీ, దానికి ఎంత సిమెంటు చేర్చితే అంత మేలనీ చాలామంది అనుకుంటారు. నేను చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా వేరు. రాయలసీమ మిద్దె ఈ ఎండల కోసమే రూపుదిద్దుకున్న ఇల్లు. దాని గోడ ఎలా పనిచేస్తుందో, కప్పు ఎలా పనిచేస్తుందో తెలుసుకుని ఆ పనితనాన్ని నిలబెట్టడమే మరమ్మతు. అది తెలియకుండా చేసే మరమ్మతు వల్ల పాత ఇంటి చల్లదనం పోతుంది, కొత్త ఇంటి గట్టిదనమూ రాదు.

స్లాబు ఇల్లు మిద్దె కంటే చల్లగా ఉంటుందన్నది మొదటి అపోహ. కర్నూలు జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండ ఐదంగుళాల కాంక్రీటు స్లాబు మీద పడితే, వేడి లోపలి ముఖానికి చేరడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి పైన కాగిన వేడి, మనుషులు ఇంట్లో ఉండే సాయంత్రం ఐదింటికి నెత్తిన దిగుతుంది. పైగా పగటికీ రాత్రికీ మధ్య పైన ఎంత హెచ్చుతగ్గు ఉంటుందో అందులో దాదాపు సగం కింద కూడా తెలుస్తుంది. మంత్రాలయం వైపు పాత ఇళ్ళలో మట్టితో పేర్చిన రాతి గోడలు రెండడుగుల మందం దాకా ఉంటాయి. అంత మందం దాటడానికి అదే వేడికి పన్నెండు గంటల పైన పడుతుంది, దాటేసరికి ఆ హెచ్చుతగ్గులో నూటికి మూడు నాలుగు వంతులే మిగులుతుంది. దూలాల మీద దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి, ఆ పైన మట్టి కొట్టిన కప్పు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. ఇది పాతకాలం మీద మమకారంతో చెప్పే మాట కాదు. మందం, పదార్థం తెలిస్తే ఎవరైనా కట్టగల లెక్క.

అయినా మా మిద్దె రాత్రిళ్ళు ఉడికిపోతోందే అని అడిగేవాళ్ళుంటారు. ఆ మాట నిజమే, కారణం మాత్రం మిద్దె కాదు. మందపాటి గోడ పగలంతా తీసుకున్న వేడిని రాత్రి వదులుతుంది. ఆ వేడిని బయటికి పంపే దారి ఉండాలి. గాలి ఆడాలని పగలు కిటికీలన్నీ తెరిచి, దొంగల భయానికో దోమల భయానికో రాత్రి మూసేస్తే ఇల్లు తలకిందులుగా పనిచేస్తుంది. బయట 42 డిగ్రీల గాలి ఉన్నప్పుడు తెరిచిన కిటికీ ఇంట్లోకి తెచ్చేది వేడినే. పాత ఇళ్ళలో కిటికీలు చిన్నవిగా ఉండి, వెలుతురు కోసం, పొగ పోవడం కోసం మిద్దె కప్పులో గవాక్షం ఉండటం ఈ లెక్కలోదే. పగలు తలుపులు మూసి, పొద్దు వాలాక అన్నీ తెరిచి, గవాక్షాల మీద మూతలు తీస్తే వేడిగాలి పైకి పోతుంది, చల్లగాలి కింది నుంచి వస్తుంది. బాగుచేసే పేరుతో ముందుగా పూడ్చేది గవాక్షాన్నే కావడం విచారకరం. దాన్ని వదిలేసి, దోమలకు జాలీ, వానకు మూత పెట్టించుకోవడం చవకైన పని. ఇక రాత్రి నిద్ర సంగతి. మిద్దె పైభాగం ఇంటికి ఇంకొక గది. ఆకాశం కింద పడుకోవడం, పగలు అక్కడే వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకోవడం, ఇవన్నీ వేసవిని తిట్టుకోకుండా బతకడానికి ఈ ప్రాంతం నేర్చుకున్న పద్ధతులు. కూలర్ కూడా ఇక్కడ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే కోస్తాలో లాగా గాలిలో తేమ ఉండదు. కాకపోతే కూలర్ పెట్టిన గదికి గాలి బయటికి పోయే దారి కావాలి. తలుపులన్నీ బిగించి కూలర్ వేస్తే గంటలో ఉక్కపోత మొదలవుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ కప్పుకు సంబంధించింది. మిద్దె ఉరిస్తే పైన ఇంకొక పొర మట్టి వేస్తే చాలనుకుంటారు. మన మిద్దెల మీద చివరి పొరగా వేసేది చౌడు. చౌడు నేలలో సోడియం ఎక్కువ. సోడియం పట్టిన బంకమట్టి రేణువులు తడి తగలగానే ఒకదాన్నొకటి వదిలి విడిపోతాయి, సన్నని రంధ్రాల్లోకి చేరి వాటిని మూసేస్తాయి. ఈ గుణం వల్లే చౌడు పొలంలో నీరు ఇంకదు, పైరు ఎదగదు. రైతును ఏడిపించే ఆ మన్నే మిద్దె మీద వానను ఆపుతుంది. ఇంత తెలివైన పద్ధతిలో ఒక లోపం ఉంది. వాన కోసుకుపోయిన మేరకు ఏటా కొత్త చౌడు వేయాలి, అయితే వేసే ముందు వదులైన పాత పొరను గీకి దించాలి. దించకుండా ఏళ్ళ తరబడి వేస్తూ పోతే మిద్దె లావెక్కుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది మీద ఒక్క అంగుళం మట్టి పెరిగితే దాదాపు నాలుగు క్వింటాళ్ళ బరువు చేరినట్టు. ఐదారు అంగుళాలు పెరిగిన మిద్దె మీద రెండు టన్నులు అదనంగా ఉంటాయి, ముసురు పట్టి ఆ మట్టి నానితే బరువు ఇంకా పెరుగుతుంది. వానాకాలంలో మిద్దె కూలి నిద్రలోనే ప్రాణాలు పోయాయన్న వార్తలు రాయలసీమకు కొత్తకాదు. ఆ వార్త చదివి మట్టిని తిట్టుకుంటాం గాని, చాలాచోట్ల కూల్చింది పేరుకున్న బరువూ, గోడలో కనపడకుండా పుచ్చిన దూలపు కొసానూ. పాత మట్టి పైన సిమెంటు పొర పోయించడం ఇదే తప్పుకు ఖరీదైన రూపం. బరువు ఎలాగూ పెరుగుతుంది. ఎండకు కట్టె కదులుతుంది, మట్టి ముడుచుకుంటుంది, పైనున్న సిమెంటు వాటితోపాటు కదలలేక నెర్రెలిస్తుంది. ఆ నెర్రెలోంచి దిగిన నీరు ఆరే దారి లేక దూలం దగ్గరే నిలుస్తుంది. మిద్దె మీద మట్టిని పూర్తిగా దించి, దూలాల కొసలు బయటపెట్టి, ఇనుప మొనతో పొడిచి చూసి, మెత్తబడిన వాటిని మార్చడానికి ఎండాకాలాన్ని మించిన అదను లేదు. దూలం పాతదైనంత మాత్రాన పుచ్చినట్టు కాదు. పొడిగా ఉన్న టేకు దూలం ఎన్నో తరాలు నిలుస్తుంది. గోడలో దాగిన ఒకటి రెండు అడుగుల కొసే ముందు పాడవుతుంది, దాన్ని మాత్రమే కోసి అతికించే పని మంచి వడ్రంగికి తెలుసు.

గోడల దగ్గరికి వస్తే, మట్టి గోడకు సిమెంటు పూస్తే బలం అన్నది ఊరూరా వినిపించే మాట. మట్టి గోడ నేల నుంచి చెమ్మను పీలుస్తుంది, గాలికి వదులుతుంది. ఈ రాకపోకలు సాగినంత కాలం గోడ ఆరోగ్యంగా ఉంటుంది. బిగువైన సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది. చెమ్మ లోపలే ఉండి ఇంకాస్త పైకి పాకుతుంది. మన నేలల్లోని ఉప్పు దానితోపాటే ఎక్కి, పూత వెనుక గడ్డకట్టి, దాన్ని తోసేస్తుంది. రెండు మూడేళ్ళకు పూత పెచ్చులుగా ఊడినప్పుడు వెనుక మట్టి పొడిపొడిగా రాలుతుంటుంది, మేస్త్రీ ఇంకా గట్టి పాళ్ళతో మళ్ళీ పూస్తాడు. నేలకు టైల్స్ పరిచినప్పుడు కూడా జరిగేదిదే. పాత నాపరాయి అతుకుల్లోంచి ఆరే తడి, టైల్స్ కింద దారి దొరక్క గోడల వైపు మళ్ళుతుంది. కాలికి చల్లదనం కావాలనే టైల్స్ వేయించుకుంటే, నేల మీద నేరుగా పరిచిన నాపరాయి ఆ పని ముందునుంచే చేస్తోంది. మట్టి గోడకు తగిన పూత మట్టీ సున్నమూ. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల కింద సున్నపురాయి పొరలు పరుచుకుని ఉన్నాయి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే, బేతంచెర్ల, జమ్మలమడుగు వైపు తవ్వే నాపరాయీ ఆ జాతిదే. ఆ రాయిని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే సున్నం, మట్టి కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని నెమ్మదిగా మళ్ళీ రాయవుతుంది. గోడతోపాటు కొద్దిగా కదలగలదు, తడిని వెళ్ళనిస్తుంది. సున్నం పని తెలిసిన బేల్దార్లు తగ్గిపోయారన్న అభ్యంతరంలో నిజముంది. అందుకే పని మొత్తం ఒకేసారి పెట్టుకోకుండా, ముందు ఒక గోడకు చేయించి, ఒక వాన చూసి, మిగతాది చేయించడం మంచిది.

ఎండకు సిమెంటు తొందరగా ఆరి గట్టిపడుతుందన్న నమ్మకం వల్ల ఏటా ఎంత డబ్బు వృథా అవుతుందో. సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు. నీటితో జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. నీరు ఆవిరైపోతే ఆ చర్య సగంలో ఆగుతుంది, ఆగిన చోట నెర్రెలు, చేత్తో రుద్దితే రాలే పొడి. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. వేడి, పొడి వాతావరణంలో 10 రోజులకు తగ్గకూడదు. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే ఫ్లై యాష్ కలిసిన సిమెంటుకు 14 రోజులు మంచిదని ఆ ప్రమాణమే చెబుతుంది. 40 డిగ్రీలు దాటిన వాతావరణంలో చేసే కాంక్రీటు పనికి ప్రత్యేక జాగ్రత్తలతో ఐఎస్ 7861 అనే వేరే ప్రమాణమే ఉంది. మన మే నెల చాలావరకు దాని కిందికే వస్తుంది. తాగడానికే నీళ్ళు కరువైన ఊళ్ళో ఇన్ని రోజులు ఎక్కడి నుంచి కొట్టాలి అని అడిగితే, ఆ ప్రశ్నే నా వాదనకు బలం. తప్పనిసరి సిమెంటు పని ఉంటే సాయంత్రం పోసి, తడిపిన గోనెసంచులు కప్పి, వాటిపై ప్లాస్టిక్ పట్ట పరిస్తే తక్కువ నీటితో గడుస్తుంది. మిగతా పూత పనిని ఎండలు తగ్గేదాకా ఆపడమే మేలు. సున్నం పూతకూ ఇదే నియమం. దాన్ని కూడా మధ్యాహ్నపు ఎండలో ఆరనివ్వకూడదు. పని వేళలు మార్చడం గోడకే కాదు, మనుషులకూ అవసరం. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికి ఆపి, మళ్ళీ నాలుగున్నరకు ఎత్తుకుంటే కూలీ తగ్గించే హక్కు యజమానికి లేదు. వడదెబ్బ తగిలే వేళలో మనిషిని మిద్దె ఎక్కించి పని చేయించుకోవడం తప్పు.

ఇప్పటికే స్లాబు వేయించుకున్నవాళ్ళ సంగతికి వస్తే, దాని మీద సున్నం కొడితే చల్లబడుతుందనడం ఒట్టి మాట అనేవాళ్ళూ ఉన్నారు, అది సరికాదు. తెల్లని పైకప్పు ఎండను తిప్పికొడుతుందన్న సంగతి మీదే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును అలా మార్చడం దాని లక్ష్యం. ఖరీదైన రంగులే కొననక్కర్లేదు, సున్నం చాలు. దుమ్ము పట్టినకొద్దీ గుణం తగ్గుతుంది కాబట్టి ఏటా వేసవి ముందు కొట్టుకోవాలి.

ఇంత చెప్పాక, మట్టి ఇల్లు వరదకు నిలుస్తుందా అని మంత్రాలయం వాళ్ళు వేసే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేను. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి ఊరిని ముంచెత్తింది, మఠం ప్రాంగణమూ మునిగింది, అదే వరద కర్నూలు నగరాన్నీ ముంచింది. నీటిలో నానిన మట్టి గోడలు జారిపోయాయి. అది కళ్ళారా చూసినవాళ్ళకు మట్టి ఇల్లు మంచిదంటే కోపం రావడం న్యాయం. రోజుల తరబడి నీళ్ళలో ఉంటే మట్టి అతుకు నిలవదు, దీన్ని ఏ మమకారమూ మార్చలేదు. యెమెన్‌లోని షిబామ్ పట్టణంలో 16వ శతాబ్దం నుంచి అంతస్తుల మీద అంతస్తులుగా మట్టి మేడలున్నాయి, 1982లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎండకు తరతరాలు నిలిచిన ఆ పట్టణాన్ని కూడా 2008 అక్టోబరు వరద దెబ్బతీసింది. కాబట్టి నది వరద చేరే చోట మట్టి గోడను బాగు చేసుకోమని నేను చెప్పను. అక్కడ అరుగు మట్టం పెంచి, వరద మట్టం దాకా రాతిని సిమెంటుతోనో గట్టి సున్నంతోనో కట్టాలి. అది కుదరకపోతే కొత్త ఇల్లే మేలు. అయితే ఏటి ఒడ్డున జరిగినదాన్ని చూసి, వరద ఎన్నడూ చేరని మెరక ఊళ్ళలో వందల మిద్దెలు పడగొట్టడానికి కారణం లేదు. అక్కడి శత్రువు ఎండ, ఎప్పుడో ఒకసారి పట్టే ముసురు. ఆ రెంటికీ మిద్దె దగ్గర జవాబుంది.

అందువల్ల పనుల వరస ఇలా ఉండాలి. మార్చి, ఏప్రిల్‌లో మిద్దె మీద పాత మట్టి దించి, దూలాలు చూసుకుని, గోడల అడుగున పాత సిమెంటు పూత ఒలిచి, మే ఎండకు గోడను ఆరనివ్వాలి. నెలల తరబడి దాగిన చెమ్మను లాగడానికి ఇంత మంచి ఎండ డబ్బు పెట్టినా దొరకదు. రోహిణి కార్తెలోగా మిద్దెకు వాటం సరిచేసి, కొత్త మట్టి కొట్టి, తూములు శుభ్రం చేసి, చౌడు పరవాలి. పూతలు, గచ్చు పనులు తొలకరి తర్వాత, ఎండ తగ్గిన పొడి రోజుల్లో పెట్టుకోవచ్చు. మృగశిర కార్తెకు ముందే ఒక గంపెడు చౌడు ఇంట్లో పక్కన పెట్టుకోవాలి. మొదటి వానకు ఎక్కడ ఉరిసిందో చూసి, మిద్దె తడి ఆరకముందే అక్కడ చల్లి తొక్కితే రెండో వానకు అది కూడుకుంటుంది.