ఒక్కరి నీడలో పెరిగిన బిడ్డల పైచదువు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గ్రామములనుండి ఏటేటా ఎందరో యువతీయువకులు పైచదువులకు వెళ్ళుచున్నారు. 2007లో నల్లగొండలో విశ్వవిద్యాలయము ఏర్పడినది. అదియే నేటి మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము. ఈ విద్యార్థులలో తల్లినో తండ్రినో కోల్పోయి, లేక తల్లిదండ్రులు విడిపోయి, ఒక్కరి రెక్కల కష్టముపై పెరిగినవారును కలరు. వారి చదువు నడుమ ఆగినచో “చెప్పువారు లేక చెడినాడు” అని ఊరిలో అనుకొందురు. ఈ మాట ఎంతవరకు నిజము?

అమెరికాలో సారా మెక్‌లనహన్, గ్యారీ శాండెఫర్ అను సామాజిక శాస్త్రజ్ఞులు 1994లో ఈ విషయముపై ఒక గ్రంథము ప్రకటించిరి. ఇట్టి పిల్లలు చదువులో సగటున వెనుకబడుట నిజమే గాని, అందులో దాదాపు సగమునకు కారణము ఆదాయము తక్కువగుటయే అని వారు తేల్చిరి. పెద్దలకు తీరిక లేకపోవుట, ఇల్లు మారి ఇరుగుపొరుగుల అండ తెగిపోవుట తక్కిన ముఖ్య కారణములు.

మన గ్రామములలోను ఇంతియే. సాగర్ ఎడమ కాలువ క్రింద నాట్లు పడు దినములలో తల్లి తెల్లవారకముందే కూలికి పోవును. తల్లి లేని ఇంట వంటపని కూతురిపై పడును. తరగతులు తప్పును, హాజరు తగ్గిన ఉపకారవేతనమునకు ఆటంకము కలుగును, ఫీజు మీద పడును. బిడ్డ బుద్ధి చెడలేదు, ఆధారము సడలినది.

ఆ ఆధారమును నిలుపుటలో పంచాయతీకి మొదటి పని కలదు. మరణమును 21 దినములలోగా నమోదు చేయించవలెను. ఆ ధ్రువపత్రము లేనిదే వితంతు పింఛను గాని, బీమా గాని కదలదు. 2018 ఆగస్టులో ప్రారంభమైన రైతు బీమా క్రింద 18 నుండి 59 ఏండ్ల పట్టాదారు రైతు మరణించినచో నామినీకి 5 లక్షల రూపాయలు లభించును. నామినీ ముందే మరణించియున్నచో రైతు జీవించియుండగనే పేరు మార్పించవలెను. భర్త విడిచిన స్త్రీలకు ఒంటరి మహిళల పింఛను 2017లో ఏర్పడినది. ఫీజు చెల్లింపునకు, ఉపకారవేతనమునకు ఆదాయ ధ్రువపత్రము గడువులోగా చేతికందునట్లు చూడవలెను. 2023 డిసెంబరు 9నుండి మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పింపబడినది గావున, కూతురి చదువునకు బస్సు ఛార్జీ అడ్డు కాదని తండ్రికి తెలుపవలెను.

ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులో ఇట్టి ఇండ్లు ఎన్ని కలవో తెలిసికొని, సభలో పేర్లు చదువక, ఇంటికే పోయి మాటాడుట మేలు. సాయము పొందువారి గౌరవము నిలిచినప్పుడే ఆ సాయము నిండైనదని మా నమ్మకము.