దీవికా, మహానగరమునకా?

సెలవులు సమీపించునప్పటికి అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతపు ఇండ్లలో ఒక చర్చ బయలుదేరును. చిన్నపిల్లలు హైదరాబాదు చూడవలెనందురు. నీలిసముద్రపు బొమ్మలు చూచి మనసుపడిన పెద్దకుమారుడు అండమాను దీవులకు పోదమనును. ఇంటి యజమాని ఖర్చుల లెక్క వేయును. ఇల్లాలు మాత్రము, ఎక్కడికైనను సరే, నాలుగు దినములు పొయ్యి ముట్టించకుండ ఉన్న చాలునని మనసులో అనుకొనును. ఆమె ఆ మాట పైకి అనదు గనుక అది ఎవరి లెక్కలోనికిని రాదు. మొట్టమొదట లెక్కలోనికి రావలసినది అదియేయని నా అభిప్రాయము.

ముందుగా దీవి సంగతి చూతము. దీవికి పోవువారు కోరునది ఏమి? చుట్టును నీరు, కొబ్బరిచెట్ల నీడ, ఇసుక, తాజా చేప, తొందరలేని ప్రొద్దు. ఇవి కోనసీమలో లేనివా? ధవళేశ్వరము ఆనకట్టకు దిగువ గోదావరి చీలి, గౌతమి ఒకవైపునకును వసిష్ఠ ఒకవైపునకును పోవగా, ఆ రెంటి నడుమ సముద్రము వరకు వ్యాపించిన నేలయే మన సీమ. వైనతేయ దానిని మరల చీల్చి, అమలాపురమును ఒక ఒడ్డునను రాజోలును వేరొక ఒడ్డునను నిలిపినది. రేవు దాటనిదే బయటి ప్రపంచము లేదన్న కాలమును ఎరిగినవారు ఇంకను మన ఇండ్లలో ఉన్నారు. దిండి-చించినాడ వంతెన, యానాము-ఎదుర్లంక వంతెన ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో గాని రాలేదు. సఖినేటిపల్లినుండి నరసాపురము పోవువారు నేటికిని పంటు ఎక్కియే వసిష్ఠను దాటుచున్నారు. కోటిపల్లి-నరసాపురము రైలుమార్గము పని సాగుచునే యున్నది. అమలాపురమునకు రైలు ఇంకను రాలేదు. దీవి లక్షణములు ఇంతకన్న ఏమి కావలెను?

అట్లయిన అండమానులో మనకు లేనిది ఏమున్నదని అడుగవచ్చును. ఉన్నది. అచ్చటి నీరు నీలముగా, అడుగు కనిపించునట్లు తేటగా ఉండును; మన అంతర్వేది, ఓడలరేవు తీరములలో నీరు మట్టిరంగున ఉండును. కారణము గోదావరియే. ఏటేట నది మోసికొనివచ్చు ఒండ్రు సముద్రములో కలిసి నీటిని కలకబార్చును. పగడపు దిబ్బలను కట్టు చిన్న ప్రాణులు బ్రతుకవలెనన్న ఎండ అడుగువరకు దిగవలెను, ఉప్పదనము తగ్గకుండవలెను. మంచినీరును బురదయు వచ్చి పడు నదీముఖమున అవి నిలువలేవు. అండమాను దీవులలో మన గోదావరి వంటి మహానది లేదు గనుక అచ్చట పగడములు పెరిగినవి. ఏ ఒండ్రు మన వరిని, కొబ్బరిని, అరటిని పెంచుచున్నదో ఆ ఒండ్రే మన కడలికి నీలిరంగు లేకుండ చేసినది. ఈ బేరములో మనము నష్టపోలేదని నేననుకొందును. అయినను పగడములను కంటితో చూడగోరువాడు అచ్చటికి పోవలసినదే.

పోవుట ఎట్లు? విశాఖపట్టణమునుండి బయలుదేరు ఓడకు రెండు దినములకు పైగా, సుమారు 56 గంటలు, పట్టును. రానుపోను ఐదు దినములు సముద్రముపైననే గడచును. వారము దినముల సెలవు గలవానికి ఓడ పనికిరాదు. విమానమున గంటలలో పోవచ్చును గాని, నలుగురు గల కుటుంబమునకు టిక్కెట్ల ఖర్చు పెద్దది. వర్షకాలమున సముద్రము అల్లకల్లోలముగా ఉండును గనుక ఆ నెలలు తగవు. భాష విషయమున భయపడ నవసరము లేదు: 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగువారే. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరు వీథులలో తెలుగు వినబడును. 1906లో పూర్తియైన సెల్యులర్ జైలును మాత్రము పిల్లలకు తప్పక చూపవలెను. ఆ కొట్టులముందు నిలిచినప్పుడు దీవి యనునది కొందరికి విహారస్థలము కాక చెరసాలయై ఉండెనని వారికి తెలియును. మొత్తముమీద పది దినముల తీరికయు తగిన సొమ్మును ఉన్నప్పుడే అండమాను. లేనిచో మరియొక ఏటికి వాయిదా వేయుట మేలు.

ఇక మహానగరము. మనలో చాలమందికి హైదరాబాదు ప్రయాణమనగా ఆసుపత్రి ప్రయాణమే. నగరమును పదిసార్లు చూచితిమనువారు చూచినది వైద్యుని గది ముందరి బల్లను మాత్రమే. చూడదలచి పోయినచో నగరము వేరు. 1591లో కట్టిన చార్మినారు, గోలకొండ కోట, సాలార్‌జంగ్ మ్యూజియము, 1963లో ప్రారంభమైన జంతుప్రదర్శనశాల, 1985 నాటి బిర్లా నక్షత్రశాల, ఇవన్నియు మన సీమలో ఏ రూపమునను లేనివి. సాలార్‌జంగ్ మ్యూజియములోని ముసుగు రెబెక్కా విగ్రహము ముందు పిల్లలను కాసేపు నిలువనిండు. రాతిలో పలుచని వస్త్రమును ఎట్లు చెక్కిరని వారే అడుగుదురు. ఆ ప్రశ్నకొరకే ఇంత దూరము పోవచ్చును. 2017లో నడువ మొదలిడిన మెట్రో రైలు కూడ మనవారికి ఒక వింతయే. రైలు లేని ఊరినుండి వచ్చిన బాలునికి, ఇండ్ల కప్పుల నడుమ ఎత్తున పోవు రైలు కిటికీ దొరకినచో వేరే వినోదమక్కరలేదు.

అయితే నగరము అలసట పెట్టును. ఒక చోటినుండి మరియొక చోటికి పోవుటకే గంటలు గడచును. ఒక్క దినమున నాలుగు స్థలములు చూడదలచినవారు చివరకు నాలుగింటి గేట్లను చూచి వత్తురు. పూటకు ఒకటి చాలును.

అసలు చిక్కు బసలో ఉన్నది. ఖర్చు కలిసివచ్చునని బంధువుల ఇంటికి పోవుదుము. రెండు గదుల ఇంటిలో ఆరుగురు చేరుదుము. ఉద్యోగమునకు పోవలసిన మేనకోడలు తెల్లవారకముందే లేచి అందరికిని ఫలహారము చేయును. మన ఇల్లాలు చూచుచు ఊరకుండలేక ఆమెయు వంటయింటిలో చేరును. నాలుగు దినములు పొయ్యి ముట్టించకుండవలెనన్న కోరిక ఏమైనట్లు? పొయ్యి మారినది, అంతే. నగరమునకు పోవువారు బంధువులను ఒక పూట చూచి, బస మాత్రము వేరుగా ఏర్పాటు చేసికొన్నచో ఇరువురు స్త్రీలకును ఉపకారము చేసినవారగుదురు. ఆ ఖర్చు దండుగ కాదు. ప్రయాణపు ఖర్చులలో మొట్టమొదట వ్రాయవలసినది అదియే.

ఈ మాట అటునుండి ఇటు వచ్చువారికిని వర్తించును. సంక్రాంతికి నగరమునుండి కుమారులు, అల్లుండ్రు, మనుమలు దిగుదురు. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివచ్చుట చూడ రెండు కన్నులు చాలవు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటముగా ఊరేగినది ఈ తీర్థమే. నగరవాసులకు అది విశ్రాంతి, ఉత్సాహము. కాని వారము ముందునుండి అరిసెలు వండి, పిమ్మట పూటకు పదిహేను విస్తళ్లు వేసిన అరువదియేండ్ల అత్తగారికి అది ఏమి? నగరమునుండి వచ్చువారు రెండు రాత్రులు దిండిలోని విడిదిలో గాని పడవ ఇంటిలో గాని గడపి, వచ్చునప్పుడు అమ్మను, నాన్నను కూడ అచ్చటికి తీసికొనిపోయినచో దీవి అందరికిని దీవి యగును.

మనలోనే మన దీవిని సరిగా చూడనివారు ఎందరో. కొత్తపేటవారు అనేకులు అంతర్వేదిని భీష్మైకాదశినాటి రథోత్సవపు రద్దీలో తప్ప చూచి యుండరు. జనము లేని దినమున పోయి, స్వామి దర్శనమైన పిదప అన్నాచెల్లెళ్ల గట్టువద్ద వసిష్ఠ సముద్రములో కలియుట తీరికగా చూడవలెను. తిరిగివచ్చునప్పుడు సఖినేటిపల్లిలో పంటు ఎక్కి నరసాపురము దిగి, పాలకొల్లులో క్షీరారామము చూచి, చించినాడ వంతెనమీదుగా దిండి చేరవచ్చును. ఒక్క దినపు పని. ముసలివారికి ఇంతకన్న సుకరమైన ప్రయాణము నాకు తోచదు.

కాలము మాత్రము గమనింపవలెను. శ్రావణ భాద్రపదములలో గోదావరి పొంగినచో లంకలకు దారులు మునుగును; 2022 జూలై వరద ఎవరు మరతురు? కార్తీకపు దినములు చల్లనివే గాని తుపానుల కాలము. 1996 నవంబరు 6 రాత్రి వీచిన గాలికి మన తోటలు నేలకొరిగి, ఎన్నో కుటుంబములు నష్టపోయినవి. ఆ నెలలలో తీరమునకు బయలుదేరువారు రేడియోలో వాతావరణ సూచనలు విన్న పిదపనే గడప దాటవలెను. పుష్యమునుండి ఫాల్గునము వరకు దీవికిని నగరమునకును అనువైన కాలము.

ఎనిమిదేండ్లు దాటిన పిల్లలున్న ఇంట, నాలుగు దినములే సెలవున్నప్పుడు, నేను నగరమునకే ఓటు వేయుదును. వారికి ఇంట లేనిది అచ్చట ఉన్నది. మ్యూజియమునకు శుక్రవారము, జంతుప్రదర్శనశాలకు సోమవారము సెలవు గనుక గురువారము రాత్రి బస్సు ఎక్కుట మంచిది. శుక్రవారము విశ్రమించి సాయంకాలము గోలకొండ, శనివారము మ్యూజియమును చార్మినారును, ఆదివారము జంతువులను చూచి, ఆ రాత్రియే తిరుగు బస్సు ఎక్కవచ్చును. సోమవారము ఉదయపు ఫలహారము కూడ రావులపాలెములో హోటలులోనే ముగించి ఇల్లు చేరవలెను.