దూరం ఎక్కువ, సమయం తక్కువ

ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు అతి దగ్గరి దారి సుమారు 12,370 కిలోమీటర్లు. గోడ మీది ప్రపంచ పటంలో ఆ దారి కనిపించదు. గ్లోబు మీద రెండు నగరాల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది టిబెట్, సైబీరియా మీదుగా పైకెక్కి, ఆర్కిటిక్ సముద్రం దాటి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. రెండు నగరాల మధ్య 'విమాన దూరం' అని చెప్పేది సాధారణంగా ఈ దారం పొడవునే.

విమానాలు మాత్రం ఆ గీత వెంటే పోవు. ఎగురుతుండగా క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 10,000 అడుగుల దాకా దిగాలి. టిబెట్ పీఠభూమి అంతకన్నా ఎత్తు. అందుకే చాలా విమానాలు అటు పోకుండా చుట్టూ తిరిగి వెళ్తాయి. దేశాల మధ్య తగాదాలూ దారి మారుస్తాయి. రష్యా 2022లో అమెరికా, యూరప్ విమానాలకు, పాకిస్తాన్ 2025 ఏప్రిల్‌లో భారత విమానాలకు తమ గగనతలాన్ని మూసేశాయి.

అన్నిటికన్నా ఎక్కువగా సమయాన్ని శాసించేది గాలి. ఎయిర్ ఇండియా 2015 డిసెంబర్‌లో ఈ రెండు నగరాల మధ్య నాన్‌స్టాప్ సర్వీసు మొదలుపెట్టినప్పుడు విమానం అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో పసిఫిక్ మీదుగా మళ్లించారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందుగా! 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులే దీనికి కారణం. చలికాలంలో జపాన్ మీద వాటి వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. తూర్పుకు పోయే విమానాన్ని అవి వెనక నుంచి తోస్తాయి. పడమరకు పోయేదానికి అవే ఎదురుగాలి. పోను పట్టిన సమయం, రాను పట్టే సమయం ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

టికెట్ మీది వేళలు ఏ ఊరివి ఆ ఊరి స్థానిక సమయాలు. శాన్ ఫ్రాన్సిస్కో చలికాలంలో మనకంటే పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. జనవరిలో ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరి 15 గంటలు ప్రయాణించినవారు అదే తేదీన ఉదయం 5.30కు దిగుతారు. గడియారాన్ని నమ్మితే గంటన్నర ప్రయాణమే! తిరుగు ప్రయాణంలో లెక్క తలకిందులవుతుంది. అక్కడ సోమవారం రాత్రి 8కి ఎక్కితే, 16 గంటల ప్రయాణం తర్వాత ఢిల్లీలో దిగేది బుధవారం తెల్లవారుజామున 1.30కు.

విమానం గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా పట్టేదంతా ప్రయాణ సమయమే, రన్‌వే దాకా పాకడంతో సహా. హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఢిల్లీలోనో దుబాయ్‌లోనో విమానం మారి వెళ్లేవారు ఆ విరామాన్నీ కలుపుకోవాలి.