దేశమంతటికి ఒకే కాలము

పూర్వము మన దేశమున కాలమును ఘటికా పాత్రతో కొలుచుచుండిరి. అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై విడిచినచో, అది నిండి మునుగుటకు 24 నిమిషములు పట్టును. అదియే ఒక గడియ. ఏ ఊరి ప్రొద్దు ఆ ఊరిదే. కలకత్తాలో మధ్యాహ్నము 12 గంటలైనప్పుడు బొంబాయిలో ఇంకను సుమారు 10 గంటల 58 నిమిషములే. ఎడ్లబండిపై పోవువానికి ఈ భేదముతో పనిలేదు.

రైలు వచ్చిన పిమ్మట అట్లు సాగలేదు. ఒకే పట్టాలపై ఎదురెదురుగా వచ్చు బండ్లు వేర్వేరు గడియారములను నమ్మినచో ఏమగునో ఊహింపుడు! కావున రైళ్ళకు మదరాసు కాలము ప్రమాణమయ్యెను. 1792లో నెలకొన్న నక్షత్రశాల అచ్చట నుండెను. ఆ కాలము తక్కిన రెండు నగరముల కాలములకు దాదాపు నడుమ నుండెను.

1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునుబట్టి భారత ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చినది. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును గనుక, ఇది గ్రీనిచ్ కాలమునకు 5½ గంటలు ముందుండును. ఆ రేఖ ఉత్తరమున మిర్జాపూరు చెంతను, తెలుగునాట తుని ప్రాంతమునను పోవుచున్నది. బొంబాయివారు మాత్రము సమ్మతింపలేదు. గడియారమును 39 నిమిషములు ముందునకు త్రిప్పినచో, మిల్లు పనివాడు అంత పెందలకడనే పనికి పోవలసియుండును. వారి గోడు అకారణమనరాదు. కలకత్తా 1948 వరకును, బొంబాయి 1955 వరకును తమ కాలమును విడువలేదు.

ఇంతలో భూమియే నమ్మదగిన గడియారము కాదని తేలినది. సముద్రపు పోటుపాటుల వలన దాని భ్రమణము మెల్లమెల్లగా మందగించుచున్నది. 1955లో ఇంగ్లండునందు లూయీ ఎసెన్, ఆయన సహచరుడును సీసియము గడియారమును నిర్మించిరి. సీసియము పరమాణువు ఒక నిర్ణీత పౌనఃపున్యముగల తరంగమునే చక్కగా గ్రహించును. ఊయెలను సరియైన అదనున త్రోసిననే అది ఎత్తునకు పోవును గదా! తరంగము దారి తప్పినచో పరమాణువులు గ్రహించుట తగ్గును. వెంటనే యంత్రము దానిని సరిదిద్దును. అట్టి 919,26,31,770 కంపనముల కాలమే ఒక సెకను అని 1967లో నిర్ణయించిరి.

నేడు భారత ప్రామాణిక కాలమును న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారములతో కాపాడుచున్నది. ఇంత సూక్ష్మత ఎందులకని అడుగవచ్చును. ఓడలకు దారి చూపు ఉపగ్రహ సంకేతము సెకనులో పదిలక్షవ వంతునకే 300 మీటర్లు పోవును. ఉపగ్రహములోని గడియారము అంతమాత్రము తప్పినను, దాని దూరము 300 మీటర్లు తప్పుగా లెక్కకు వచ్చును.