మధ్యయుగపు మతగ్రంథాలు – కంప్యూటరు

కంప్యూటరు అనగానే మనకు బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు, పరీక్ష మార్కులు గుర్తుకొస్తాయి. మఠాల్లోనూ, గుళ్ళలోనూ పుట్టిన పాతగ్రంథాలతో దానికేం పని అనిపిస్తుంది. కాని ఈ రెంటికీ పొత్తు కుదిరి డెబ్బయ్యేళ్ళు పైబడింది.

ఇటలీ దేశంలో రొబెర్తో బుసా (1913–2011) అనే జెస్యూట్ ఫాదరీ ఉండేవారు. 13వ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ ‘సాన్నిధ్యం’ అనే భావాన్ని ఎలా వివరించాడన్నది ఆయన పరిశోధనాంశం. ఆ మాటనే పట్టుకుని వెదికితే ఫలితం అంతంతమాత్రం. అసలు కీలకమంతా లాటిన్‌లోని ‘ఇన్’ అనే చిన్నమాటలో ఉందని ఆయనకు తోచింది. అది మన ‘లో’ వంటిదన్నమాట. ఇంకేముంది, ‘ఇన్’ వచ్చిన వాక్యాలను చేత్తో 10,000 కార్డుల మీద రాసుకున్నారు!

ఇలా అన్ని మాటలకూ రాయాలంటే ఎన్ని జన్మలు చాలుతాయి? 1949లో బుసాగారు అమెరికా వెళ్ళి ఐ.బి.ఎం. అధిపతి థామస్ వాట్సన్‌ను కలిసి సహాయం అడిగారు. పని మొదలైంది. గల్లరాతె పట్టణంలో ఎందరో యువతులు ఒక్కొక్క మాటనూ కార్డుల మీద చిల్లులుగా పొడిచారు. కోటికి పైగా మాటలున్న ఆ సూచిక 1974–80 మధ్య 56 సంపుటాలుగా అచ్చయింది. 2005లో ఇంటర్‌నెట్‌లోకి వచ్చింది. ఏళ్ళు పట్టిన వెదుకులాట ఇప్పుడు క్షణంలో తేలిపోతోంది.

అయితే యంత్రానికి అక్షరాలు తెలుసు గాని అర్థం తెలియదు. లాటిన్‌లో ‘సుమ్’, ‘ఎస్త్’, ‘ఫుయిత్’ అన్నీ ‘ఉండు’ అనే ఒకే క్రియకు రూపాలు. వాటినన్నిటినీ ఒక గూటికి చేర్చింది మనుషులే.

మన తెలుగుకైతే ఈ చిక్కు మరీ ఎక్కువ. తాళ్ళపాక అన్నమయ్య సంకీర్తనలనే తీసుకోండి. తిరుమలలో రాగిరేకుల మీద ఉన్నవాటిని వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు శ్రమపడి పరిష్కరించారు. వాటిలో ‘కొండ’ ఎన్నిసార్లు వచ్చిందని కంప్యూటరును అడిగితే, ద్రుతం తరువాత ‘గొండ’గా మారినచోట్లు జారిపోతాయి. ‘ఉన్నాడు’ అని వెదికితే సంధి కలిసిన ‘దేవుడున్నాడు’ తప్పిపోవచ్చు. వ్యాకరణం రాని విద్యార్థి ఆ లెక్కనే నమ్మి సిద్ధాంతం కట్టేస్తే ఎంత ప్రమాదం! పైగా ఇంకా కంప్యూటరుకు ఎక్కని తాళపత్రం అసలు లేనట్టే అయిపోతుంది.

మరి యంత్రం వద్దనా? కానేకాదు. బుసాగారు యంత్రం దగ్గరికి వెళ్ళింది చదవడం తప్పించుకోవడానికి కాదు, ఇంకా లోతుగా చదవడానికి. మాట ఎక్కడుందో యంత్రం చూపిస్తుంది, ఎందుకుందో మనమే చెప్పుకోవాలి. కాబట్టి మిత్రులారా, వెదకడం నేర్చుకుందాం. దానితోపాటు దొరికిన పాదానికి ముందూ వెనుకా చదవడం మాత్రం మానుకోవద్దు!