ఎనుముల సహజ నివాసములు

మా పాఠశాలలో నాల్గవ తరగతి బాలు డొకడు, "బర్రె ఇల్లు కొట్టమా, కుంటా?" అని యడిగెను. తోటివారు నవ్విరి. కాని యది నవ్వదగిన ప్రశ్న కాదు. మన చింతకి ప్రాంతమున పాడి గల ప్రతి కుటుంబమునకును దీనితో పని యున్నది. కావున తల్లిదండ్రులకు విన్నవించుచున్నాము.

మనము బర్రె యనునది కోస్తాలో గేదె, గ్రంథములలో ఎనుము, కన్నడమున ఎమ్మె. ఇంటి ఎనుములకు మూలము అడవి ఎనుము. అస్సాములోని కాజీరంగా, మానస్ వనములందు ఎత్తైన గడ్డిలో, బురద మడుగులలో ఇది నేటికిని జీవించుచున్నది. ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతీ ప్రాంతమున కొలదిగా మాత్రమే మిగిలినది. ఆ ఇంద్రావతియు మన మంజీరయు గోదావరిలోనే కలియుచున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని వేటాడరాదని శాసించినది. అడవిదున్న వేరు, అది ఆవుల వంశమునకు దగ్గరిది.

పెంపుడు ఎనుములు రెండు తెగలు. భారతదేశము మొదలు ఈజిప్టు, ఇటలీల వరకు పాడికై పెంచబడునవి నదీ తెగవి. చైనా, ఫిలిప్పీన్స్ మున్నగు తూర్పు దేశముల వరిమళ్లలో దున్నునవి చిత్తడి తెగవి. మొదటివాని కణములలో క్రోమోజోములు 50, రెండవవానిలో 48.

మన దేశమున ఒక్కొక్క జాతి యొక్కొక్క నేలకు అలవడినది. వంకీ కొమ్ముల ముర్రాకు హర్యానాలోని రోహ్‌తక్, హిస్సార్ సీమలు పుట్టినిల్లు. జాఫరాబాదీ సౌరాష్ట్రములోని గిర్ ప్రాంతమునది. తోడా ఎనుము నీలగిరుల చల్లని పచ్చికలందు మేయును. ఒడిశాలో చిలికా ఎనుములు ఉప్పునీటి సరస్సులో దిగి అందలి గడ్డిని తినును. మనకు పొరుగున నున్న మరాఠ్వాడీ, పంఢర్‌పురీ జాతులు వానలు తక్కువైన దక్కను మెట్టభూములకు అలవాటుపడినవి.

నేల యేదైనను ఎనుమునకు నీరు కావలయును. దాని చర్మము నలుపు, రోమములు పలుచన. చెమట గ్రంథులు ఆవుకంటె చాల తక్కువ. కావున ఎండవేడిమిని చెమటతో పోగొట్టుకొనజాలక నీటిలో మునుగును. ఒంటికంటిన బురద ఈగలను దూరముంచును. వేసవిలో కుంట యెండినచో మేత తగ్గును, పాలును తగ్గును.

అందువలన అప్పుచేసి దూరదేశపు ముర్రాను తెచ్చువారు ముందుగా రెండు సంగతులు విచారింపవలయును: వేసవిలో పచ్చిమేత యెచ్చటిది? నీరెచ్చటిది? కుంట లేనిచోట చెట్టునీడ నుంచి, మధ్యాహ్నమున రెండు మూడు మారులు ఒంటిపై నీరు పోయుట మేలు. మన మెట్టకు అలవడిన పొరుగు జాతిని చులకన చేయరాదు.

ఆ బాలునికి మేము చెప్పిన సమాధాన మిదియే: కొట్టము మనము కట్టినది, నీరు దానికి పుట్టుకతో వచ్చిన ఇల్లు. ఊరి కుంటలను పూడిపోనీయక కాపాడుకొనుటయు, సెలవులలో పిల్లలను పెద్దలవెంట అచ్చటికి పంపుటయు తల్లిదండ్రుల వంతు. పుస్తకములోని పాఠము అచ్చట కన్నులయెదుట కనబడును.