చెన్నపట్టణమునకు రెండు చిత్తరువులు

చరిత్రపాఠము చెప్పునపుడు పటమును చూపి, "పూర్వ మిట్లుండెను" అనుట ఉపాధ్యాయులమగు మనకు అలవాటు. ఆ పటమును ఎవరు వ్రాసిరి, ఎవరికొరకు వ్రాసిరి అను ప్రశ్న తరగతిలో అరుదుగా వినిపించును.

ఈస్టిండియా కంపెనీవారు లండనులోని తమ డైరెక్టర్ల సభామందిరము నలంకరించుటకు ఆరు తైలవర్ణచిత్రములను వ్రాయించిరి. అందొకటి చెన్నపట్టణపు సెంట్ జార్జి కోట. భూభాగమును జార్జి లాంబర్టు, ఓడలను శామ్యూలు స్కాటు చిత్రించిరి. 1732లో ఆరింటికిని కలిపి ముట్టిన వెల 94 పౌనుల 10 షిల్లింగులు. ఆ చిత్రములు నేడు లండనునందలి బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి.

సముద్రముమీదనుండి చూచిన దృశ్యమది. ముందు తెరచాపల ఓడలు, వెనుక కోట. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొనుటకు పూర్వపు రూపము గనుక ఈ చిత్రమునకు విలువ కలదు. కాని చిత్రకారు లిరువురును ఈ తీరమున అడుగిడినవారు కారు. వర్తకుల గోడకై వ్రాసినది గనుక వర్తకుల ఓడలకే అగ్రస్థానము దక్కినది.

ఇదే తీరమునకు అంతకంటె పాతదగు తెలుగు చిత్తరువు వేరొకటి కలదు. 1639లో కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే కోటకు అనుమతి పొందినది దామెర్ల వేంకటాద్రి నాయకునియొద్ద. ఆతని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణము వెలసినది. వారి ప్రభువగు విజయనగర రాయల రాజధాని మన చంద్రగిరి. వేంకటాద్రి సోదరుడు అంకభూపాలుడు 'ఉషాపరిణయము' అను కావ్యమున ఈ పట్టణమును పేర్కొనెను. ప్రళయకావేరియగు పులికాటునకును మైలాపురమునకును నడుమ, పరస్పర కలహములను మాన్పుటకై తన అన్న అయ్యప్ప దీనిని నిలిపెనని ఆతని మాట. పులికాటున డచ్చివారును, మైలాపురముచెంత పోర్చుగీసువారును ఉండిరి.

లండను పటమున ఓడలు గొప్పవి. తెలుగు కావ్యమున అన్నగారు గొప్పవాడు. ఒకటి ధనికుని గోడ కొరకు, రెండవది వంశకీర్తి కొరకు. కనుక రెండింటిని కలిపి చదువవలెను.

అప్పుడును మిగిలిపోవువారు కొందరు కలరు. ఆ కాలమున రేవు లేని చెన్నపట్టణమున ఓడలు దూరముననే లంగరు వేసెడివి. మేకులు లేక కొబ్బరినారతో కుట్టిన మసులా పడవలలో, విరుగు కెరటములను దాటించి, సరకును జనమును ఒడ్డు చేర్చినవారు పల్లెకారులు. అట్టి వారి పల్లెలను చెన్నపట్టణమున నేటికిని 'కుప్పము'లనియే పిలుతురు. కడలి యెరుగని మన కుప్పము పిల్లలకు ఈ మాట వింతగా తోచును గాని, ఆ వింతయే మంచి పాఠమునకు మొదలు కాగలదు.

మదనపల్లెలోగాని, పుంగనూరులోగాని, కుప్పములోగాని ఒక పాత పటమును చూపునప్పుడు విద్యార్థులచే మూడు ప్రశ్నలు వేయింపుడు: వ్రాసినవాడు చూచెనా? వెల యిచ్చిన దెవరు? పటమున చోటు దొరకనివా రెవరు? చరిత్రాధ్యయనమున మొదటి మెట్టు అదియే.